ఇంటికి ఫోన్ చెయ్యొద్దు

ఆ ఆస్పత్రిలో ఆమెని అందరూ ఫైళ్ళక్క అనేవాళ్ళు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆయమ్మ దాకా అందరికీ ఆమె అక్కే. పంతొమ్మిదేళ్ళుగా రికార్డుల గదిలోనే ఉంది. సెల్లార్లో మందుల స్టోరు పక్కన పొడుగాటి గది అది. కిటికీ లేదు. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు, అరల నిండా అట్ట ఫైళ్ళు. ఎవరి ఫైలు ఎక్కడుందో ఆమెకి నోటికొచ్చు. లోపలేముందో కూడా చాలావరకు తెలుసు. కానీ ఆ మాట ఎప్పుడూ ఆమె పెదవి దాటలేదు. ఆమె భర్త ప్రింటింగ్ ప్రెస్సులో మిషను నడిపేవాడు. సాయంత్రం ఇద్దరూ టీ తాగేటప్పుడు "ఇవాళ మీ ఆస్పత్రికి ఎవరొచ్చారేంటి?" అని అడిగేవాడు. "ఒంట్లో బాలేనివాళ్ళు" అనేది. ఆ జవాబుకి ఆయన పంతొమ్మిదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు.

మనుషుల వివరాలు కాపాడాలని కొత్త చట్టం వచ్చిన ఏడాది మేనేజరు ఆమెని పైకి పిలిపించాడు.

"ప్రతి సంస్థా ఒక బాధ్యుణ్ణి పెట్టుకోవాలట. పేరూ ఫోన్ నెంబరూ గోడమీద అంటించాలట. నీ పేరు వేస్తున్నా."

"నాకు చట్టం గురించేం తెలుసు సార్?"

"తెలియాల్సిందేముంది? ఫైళ్ళన్నీ నీ దగ్గరేగా ఏడ్చాయి. ఇదిగో, ఇక్కడ సంతకం."

ఒక పూట తరగతి పెట్టారు. నల్లకోటు వకీలొచ్చి తెరమీద బొమ్మలు చూపించాడు. భోజనం టైము దగ్గరపడేసరికి సగంమంది జారుకున్నారు. ఫైళ్ళక్క మాత్రం చివరిదాకా కూర్చుని చిన్న పుస్తకంలో రాసుకుంది. అవసరమైనంతే అడగాలి. ఏ పనికి అడిగామో ఆ పనికే వాడాలి. పని తీరాక ఉంచుకోకూడదు. పొరపాటున బయటపడితే దాచిపెట్టకూడదు, ఎవరి వివరాలో వాళ్ళకి చెప్పాలి. రాసుకున్నది మళ్ళీ చదువుకుని, దీనికి చట్టం కూడా కావలసి వచ్చిందా అనుకుంది. ఆమెకి తెలిసినంతలో మర్యాదంటే ఇదే.

గోడమీద పేరుంది కదా అని ఆమె చేతనైంది చేసింది. చేరేటప్పుడు నింపే ఫారంలోంచి ఎవరికీ అక్కరలేని ఆరు ప్రశ్నలు కొట్టేయించింది. అరలకి తాళాలు వేయించింది. ఫలానా రోజు డాక్టరు దగ్గరికి రావాలని రోగులకి గుర్తుచేసే పని ఒక ఏజెన్సీకి ఇచ్చారు. పేషెంట్ల జాబితా వాళ్ళకి ఏ షరతుల మీద ఇస్తున్నారో కాగితం రాయించుకోమని మేనేజర్ని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన ఒకటే అన్నాడు: "వాళ్ళు మనవాళ్ళేనమ్మా."

ఆమె మనసులో మెదిలే సంగతి మాత్రం ఇంకొకటి ఉంది.

మూడో అంతస్తులో మనసుకి వైద్యం చేసే విభాగం ఉంది. కొత్త ఫైళ్ళు తెరిచే వేళ ఆమే అక్కడి కౌంటర్లో కూర్చునేది. అక్కడికొచ్చే ఆడవాళ్ళు చాలామంది ఫారం నింపేటప్పుడు భర్త నెంబరో, అన్న నెంబరో రాసేవాళ్ళు. సొంత ఫోన్ ఉండేది కాదు మరి. రాసేశాక కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "అక్కా, ఇంటికి ఫోన్ చెయ్యకండి" అనేవాళ్ళు. మగవాళ్ళు కూడా అన్నారు, తక్కువమంది. అన్నప్పుడల్లా ఆమె ఆ ఫైలు అట్టమీద ఎర్ర పెన్సిల్తో రాసేది: ఇంటికి ఫోన్ చెయ్యొద్దు. రెండేళ్ళ క్రితం ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, ఆ మాట ఎక్కించడానికి చోటు లేకపోయింది.

"దానికి గడి లేదక్కా. తర్వాత పెడదాంలే" అన్నాడు కంప్యూటర్లు చూసే ఆయన.

ఆ 'తర్వాత' రానేలేదు. పని ముగిసిందన్న రోజు ఒక కాగితం ఆమె ముందుకొచ్చింది. 'ఫైళ్ళలోని వివరాలన్నీ పూర్తిగా నమోదయ్యాయి.' ఆమె ఒక్క నిమిషం ఆగింది. వెనక ఇంకో నలుగురు సంతకాలకి నిలబడి ఉన్నారు. పెట్టేసింది.

*

ఒక మంగళవారం పొద్దున పదింటికి గోడమీది నెంబరుకి ఫోనొచ్చింది. అంటించిన ఏడాదిన్నరలో ఆ నెంబరుకి వచ్చిన మొదటి ఫోన్ అదే.

"అమ్మా, వివరాలకి బాధ్యులంటే మీరేనా?" ముసలి గొంతు, నిదానంగా ఉంది. "నేను రిటైరైన టీచర్ని. మీ దగ్గరే వైద్యం చేయించుకుంటున్నాను. నిన్న ఏదో వెతుకుతూ నా ఫోన్ నెంబరు ఇంటర్నెట్లో కొట్టాను. ఒక పట్టిక వచ్చింది. అందులో నా పేరు, వయసు, ఏ డాక్టరు, ఏ మాత్ర, అన్నీ ఉన్నాయి. నా కింద ఇంకా చాలామంది ఉన్నారు."

ఆమె ఆయన పేరు చిన్న పుస్తకంలో రాసుకుంది.

"ఈ ఊళ్ళో నా దగ్గర చదువుకోని ఇల్లు లేదమ్మా" అన్నాడాయన. "రేపు బజారుకెళ్తే ఎవరు ఏం చదివి నాకు నమస్కారం పెడుతున్నారో నాకెలా తెలుస్తుంది?"

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళింది. కంప్యూటర్లాయన ఆ పట్టిక చూసి చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఏజెన్సీవాళ్ళు జాబితాని తాళం లేని చోట పెట్టి నాలుగు నెలలుగా వదిలేశారు. పదకొండు వందల నలభై పేర్లు. అన్నీ మూడో అంతస్తువే. గంటలో తీయించేశారు. ఎవరెవరు చూశారని అడిగితే, పదిపన్నెండుసార్లు తెరిచినట్టుందనీ, అందులో ఎక్కువ తమవాళ్ళే అయ్యుంటారనీ ఏజెన్సీవాళ్ళు చెప్పారు.

"తీసేశాంగా" అన్నాడు మేనేజరు. "ఇంకెందుకు రచ్చ?"

"చెప్పాలి సార్. ఈ చట్టం అమలు చూసే బోర్డుకి మూడు రోజుల్లో. ఎవరి వివరాలో వాళ్ళకి వీలైనంత త్వరగా."

"చెప్తే మనమే టముకు వేసుకున్నట్టు కాదూ?"

"ఆ మాస్టారు చెప్పకుండా ఉంటారా సార్?"

ఆ ఒక్క మాట పనిచేసింది. మేనేజరు పెద్ద డాక్టరుకి చెప్పాడు, పెద్ద డాక్టరు వకీలుకి ఫోన్ చేశాడు. దాచితే పడే జరిమానా ఎంతో వకీలు చెప్పాడు. అరగంటలో గాలి అటునుంచి ఇటు తిరిగింది.

"రేపు సాయంత్రం ఐదింటికి అందరికీ మెసేజి వెళ్ళిపోవాలి" అన్నాడు పెద్ద డాక్టరు. "పదకొండు వందల నలభైమందికీ. ఒక్కరు మిగిలినా ఒప్పుకోను."

ఫైళ్ళక్క ఒకడుగు ముందుకు వేసింది.

"సార్, ఒక్క మాట. ఆ నెంబర్లన్నీ వాళ్ళవి కావు. ఇంటికి ఫోన్ చెయ్యొద్దన్నవాళ్ళున్నారు. ఆ మాట కంప్యూటర్లో లేదు, అట్టల మీదుంది. నాకు మూడు రోజులివ్వండి. ఫైళ్ళు తిరగేసి వాళ్ళని విడిగా తీస్తాను. వాళ్ళొచ్చినప్పుడు మూడో అంతస్తు డాక్టరమ్మే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తుంది."

"చట్టం అందరికీ చెప్పమంది" అన్నాడు మేనేజరు. "కొందరికి తీరిగ్గా చెప్పుకోమన్లేదు."

"చట్టం వాళ్ళకి చెప్పమంది సార్. వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కాదు."

పెద్ద డాక్టరు వాచీ చూసుకున్నాడు. "రేపు ఐదు దాకా నీకు టైముంది. తీయగలిగినన్ని తియ్యి."

"కనీసం మెసేజిలో ఏ విభాగమో రాయకండి సార్."

ఏ వివరాలు బయటపడ్డాయో రాయకపోతే చెప్పినట్టు కాదని వకీలు అప్పటికే అనేశాడు.

*

ఆమె ఆయమ్మని తోడు తెచ్చుకుంది. ఆయమ్మకి చదువు రాదు. "చదవక్కర్లేదు, అట్టమీద ఎర్రగా కనిపిస్తే ఇటు పడెయ్యి" అంది ఫైళ్ళక్క. ఆ పొద్దూ, మర్నాడూ ఇద్దరూ నేలమీద చతికిలపడి ఫైళ్ళు తిరగేశారు. దుమ్ముకి ఆయమ్మ తుమ్ముతూనే ఉంది. "ఏంటక్కా, ఇంతమంది ఇంట్లోవాళ్ళకి భయపడి బతుకుతున్నారా?" అంది ఒకసారి. ఫైళ్ళక్క ఇంకో కట్ట ముందుకు లాక్కుంది.

పాత ఫైళ్ళ నుంచి మొదలుపెట్టింది. అలా మొదలుపెట్టడానికి పెద్ద కారణమేం లేదు. ఆ అర గుమ్మం పక్కనుంది, అంతే. ఆ సంగతి ఆమెని తర్వాత చాలాకాలం తొలిచింది.

రెండో రోజు నాలుగున్నరకి ఎనిమిది వందల పైచిలుకు ఫైళ్ళు అయ్యాయి. అరవై ఒక్క పేర్లు తేలాయి. ఆ చీటీ పైకి పంపి మేనేజరుకి ఫోన్ చేసింది.

"ఇంకా మూడు వందలున్నాయి సార్. రేపు మధ్యాహ్నానికి అయిపోతుంది. అప్పటిదాకా ఆపండి."

"సరేలే, చూద్దాం" అన్నాడాయన.

చూద్దాం అంటే ఆపుతానని కాదని ఆమెకి తెలియంది కాదు. అయినా నమ్మింది. ఇంకో తొమ్మిది పేర్లు పట్టుకుని ఐదుంపావుకి పైకెళ్ళేసరికి ఆయన కాఫీ తాగుతున్నాడు.

"అయిపోయిందమ్మా. నీ అరవై ఒక్కళ్ళనీ తీసేయించా, మిగతా అందరికీ వెళ్ళింది. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు" అని సంతోషంగా చెప్పాడు.

ఆమె ఆ మెసేజిని ఆయన ఫోన్లో చదివింది. మొదటి ముక్కలో ఎవరి పేరు వాళ్ళకి కంప్యూటరే నింపింది. తర్వాత: 'మా మానసిక వైద్య విభాగంలో చికిత్స పొందుతున్న మీ పేరు, వయసు, వాడుతున్న మందుల వివరాలు ఇతరులు చూసే అవకాశం ఏర్పడినట్టు గుర్తించాం. ఇందుకు చింతిస్తున్నాం.' తప్పులేం లేవు. వకీలు చూసిందే.

మర్నాడు మిగిలిన ఫైళ్ళు కూడా చూసింది. అప్పటికి ఎవరూ చూడమన్లేదు. ఆ తొమ్మిదిమందితో కలిపి, వద్దన్నా మెసేజి వెళ్ళిపోయినవాళ్ళు మొత్తం ఇరవైమూడుమంది తేలారు. ఇరవైమూడు ఎర్ర రాతలు. వాళ్ళకి ఫోన్ చేసి జాగ్రత్తపడమని చెబ్దామన్నా, చెయ్యొద్దన్నది ఆ ఫోన్లకే. ఒక్కొక్కరూ మళ్ళీ ఎప్పుడు రావాలో చూసి, ఆ తారీఖులు రాసుకుని కూర్చుంది.

*

కొందరికి ఏమీ కాలేదు. లారీ తోలే ఒకాయన నవ్వుతూనే వచ్చాడు. మెసేజి పెళ్ళాం చదివిందట. "నాకెప్పుడో తెలుసు, నువ్వు చెప్తావని చూస్తున్నా" అందట. ఇద్దరు రావలసిన రోజున రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కునే దారి లేదు.

ఆరో రోజున ఒకామె సెల్లార్లోకి దిగివచ్చి, రికార్డుల గది గుమ్మంలో నిలబడింది. ముప్పై దాటి ఉంటాయి. స్కూలు పిల్లల యూనిఫారాలు ఇంటి దగ్గర కుడుతుంది. చూపుడువేలు చివర సూది గుచ్చుకున్న మచ్చలు. పిల్ల పుట్టిన ఏడాది ఆమెకి బతుకు మీద ఆశ పోయింది. ఎవరికీ చెప్పకుండా తనంతట తనే మూడో అంతస్తుకి వచ్చి, రెండేళ్ళు మందులు వాడి నిలదొక్కుకుంది. ఇప్పుడు రోజుకి ఒక చిన్న మాత్రే. దారాలూ గుండీలూ తెచ్చుకుంటానని ఇంట్లో చెప్పి నెలకోసారి వచ్చి వెళ్ళేది.

"ఫైళ్ళక్క మీరేనా?"

"అవునమ్మా. కూర్చో."

ఆమె కూర్చోలేదు. "ఆ రోజు మీకే చెప్పాను. మీరు ఎర్రగా రాసుకున్నారు కూడా. నేను చూశాను."

"రాశాను తల్లీ."

"మరి?"

"కంప్యూటర్లో ఆ మాట ఎక్కలేదు."

"ఎందుకెక్కలేదు?"

"గడి లేదు" అంది ఫైళ్ళక్క. అన్నాక తన మాట తన చెవిన పడి తల దించుకుంది.

దర్జీ ఆమె కేకలెయ్యలేదు. ఎవరికో జరిగింది చెప్తున్నట్టు చెప్పుకుపోయింది. ఆమె భర్తకి టైర్ల కొట్టుంది. కొట్టు కట్టేసి వచ్చి, ముందు గదిలో తల్లి పక్కన కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. గట్టిగా చదివాడు. పేరు దగ్గర ఆగి మళ్ళీ మొదట్నుంచి చదివాడు. అత్త లేచి ముందు పిల్లని తన వెనక్కి లాక్కుంది.

"అంతే అక్కా. నన్నేం అడగలేదు. పిల్లని నా దగ్గర్నుంచి లాక్కుంది. నా పిల్ల, ఐదేళ్ళది, నా చేత్తో జడేస్తే తప్ప కదలదు, అది వాళ్ళ నాయనమ్మ కొంగు పట్టుకుని నన్ను చూసి భయపడింది. పెద్దవాళ్ళ మొహాలు చూసి భయపడిందిలెండి."

తెల్లారేసరికి పిల్లని ఆడపడుచు ఇంటికి పంపేశారు. కుట్టుమిషను గుమ్మం బయట పెట్టారు. "ఇన్నాళ్ళూ పిచ్చిదాని చేతిలోనా పిల్లని ఉంచింది!" అని అత్త వీధంతా వినపడేలా అంది. ఆమె అన్న ఇంటికి చేరింది. వదిన నాలుగు రోజులు బాగానే చూసింది. ఐదో రోజు నుంచి తన పిల్లల్ని ఆమెతో ఒంటరిగా వదలడం మానేసింది.

"ఇంటర్నెట్లో ఎవరు చూశారో నాకు తెలీదు" అంది దర్జీ ఆమె. "చూసినా నేనెవరినని వాళ్ళకి? మా ఆయన మాత్రం మీరు పంపితేనే చూశాడు."

ఫైళ్ళక్క కుర్చీ ముందుకు జరిపింది. ఈసారి ఆమె కూర్చుంది. తర్వాత ఆమె బ్యాగులోంచి ఖాళీ కాగితం తీసింది. "పిల్లని చూసుకోగలనని రాసివ్వండి. పిల్ల కోసం కోర్టులో పెట్టుకుంటాను."

"నేను రాస్తే చెల్లదమ్మా. డాక్టరమ్మ రాయాలి. పద, అడుగుదాం."

డాక్టరమ్మ మంచిది. 'ఈమె ఆరోగ్యంగా ఉంది, బిడ్డని చూసుకోవడానికి ఏ అడ్డూ లేదు' అని రాసి సంతకం పెట్టింది. మేనేజరు తెలిసి గోలపెట్టినా వెనక్కి తీసుకోలేదు. కానీ కోర్టులో భర్త వకీలు ఆ కాగితాన్నే చేతిలో పైకెత్తి పట్టుకున్నాడు. "చూశారుగా, వైద్యం జరుగుతున్నట్టు వాళ్ళే ఒప్పుకుంటున్నారు. ఇన్నేళ్ళూ కట్టుకున్నవాడి దగ్గర దాచింది. ఇంకేం దాచిందో" అన్నాడు.

*

బోర్డు నుంచి తనిఖీ అధికారి వచ్చేసరికి నెలన్నర పట్టింది. పెద్దవయసు మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చూస్తాడు. మూడు రోజుల్లో బోర్డుకి చెప్పారా? చెప్పారు. అందరికీ మెసేజి వెళ్ళిందా? అరవై ఒక్కరికి తప్ప అందరికీ వెళ్ళింది, వాళ్ళకి ఎదురుగా చెప్పారు. ఏజెన్సీని మానేశారా? మానేశారు. మేనేజరు ఒక్కో కాగితాన్నీ అడక్కముందే అందించాడు.

"చాలా సంస్థలకన్నా మీరు నయం" అన్నాడు అధికారి. మేనేజరు మొహం విచ్చుకుంది.

ఫైళ్ళక్క గోడవారగా నిలబడి ఉంది. అంతకు రెండు రోజుల ముందే తను వెళ్ళి దర్జీ ఆమెని కలిసి అడిగింది, "నీకు జరిగింది వాళ్ళకి చెప్పమంటావా?" అని. ఆమె ఆలోచించుకుని, "జరిగింది చెప్పండి. పేరు మాత్రం వద్దు. నా పేరు ఇప్పటికే చాలా తిరిగింది" అంది.

ముందురోజు సాయంత్రం ఫైళ్ళక్క తన భర్తకి కూడా చెప్పింది. పంతొమ్మిదేళ్ళలో ఆస్పత్రి సంగతి ఇంట్లో ఎత్తడం అదే మొదలు. పేర్లేం చెప్పలేదు. కంప్యూటర్లోకి అన్నీ ఎక్కాయని తను పెట్టిన సంతకం గురించి చెప్పింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అది చెప్తే నీ ఉద్యోగం పోతుందేమో."

"పోవచ్చు."

"నలుగురిలో తల వంచుకోవాలి."

"ఇప్పుడేం ఎత్తుకుని తిరుగుతున్నానా?"

ఆయన మర్నాడు పొద్దున ఆమెకన్నా ముందు లేచి ఆమె చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు.

"మీరు బాధ్యులు కదా?" అధికారి ఆమెవైపు తిరిగాడు. "మీరు చెప్పాల్సిందేమన్నా ఉందా?"

మేనేజరు ఆమెని చూశాడు. ఆ చూపులో బెదిరింపుకన్నా బతిమాలడమే ఎక్కువుంది.

"రెండుసార్లు బయటపడింది సార్" అంది. "మొదటిసారి ఏజెన్సీవాళ్ళు చేశారు. రెండోసారి మేమే చేశాం. మీరిప్పుడు బాగుందన్న ఆ మెసేజితోనే."

చీర మడతలోంచి కాగితం తీసిచ్చింది. ఇరవైమూడుమంది. పేర్ల బదులు అంకెలు. ఏడుగురు వైద్యానికి రావడం మానేశారు. ఒకామె దగ్గర్నుంచి బిడ్డని లాగేసుకున్నారు. ఒకతని నిశ్చితార్థం ఆగిపోయింది. మిగతావాళ్ళ సంగతి తెలిసినంతవరకు. చివర, ఇంకో పూట ఆపమని తను మేనేజర్ని అడిగిన సంగతి. దానికి, రెండేళ్ళ కిందటి సంతకం కాగితం నకలు కూడా జతచేసింది.

అధికారి రెండూ చదివాడు. రెండోసారి చదవడానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇది మీ మీదికే వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్. నా మీదికి రావలసిందే కొంతుంది. మొత్తం కాదు."

"టైము తక్కువుంది సార్, మేం చట్టప్రకారమే—" అన్నాడు మేనేజరు.

"ఆమె అడిగిన ఆ ఇంకో పూట మీరు ఇవ్వలేదా?" అని అధికారి అడిగాడు. మేనేజరు పెద్ద డాక్టరు గది వైపు చూశాడు. ఆ తలుపు మూసి ఉంది.

*

బోర్డు తీర్పు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆస్పత్రికి జరిమానా పడింది. అది ఖజానాకి పోయింది. ఇరవైమూడుమందిలో ఒక్కరి చేతికీ ఏమీ రాలేదు. కావాలంటే ఎవరి కేసు వాళ్ళు వేసుకోవచ్చని ఆ కాగితం చివర రాసుంది. కేసు వెయ్యాలంటే మళ్ళీ పేరు చెప్పుకోవాలి. ఎవరూ వెయ్యలేదు.

ఆస్పత్రి బాగుపడింది, అది మాత్రం నిజం. చట్టం చదివిన ఒకమ్మాయిని బాధ్యురాలిగా పెట్టారు. చురుకైన పిల్ల. కౌంటర్లో కొత్త ఫారం వచ్చింది. మీతో మాట్లాడాలంటే ఏ నెంబరుకి చెయ్యాలి, ఏ వేళలో, ఫోన్ వేరేవాళ్ళెత్తితే ఏం చెప్పాలి, అసలు చెయ్యొచ్చా లేదా, అన్నిటికీ దాంట్లో చోటుంది. జవాబు నింపకపోతే కంప్యూటరు ముందుకి కదలదు. మేనేజర్ని ఇంకో బ్రాంచికి పంపారు, అదే జీతానికి. ఫైళ్ళక్కని దుప్పట్ల స్టోరుకి మార్చారు. ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెట్టి వార్డులకి పంపడం ఆమె పని. అందరూ ఇంకా ఫైళ్ళక్కనే పిలుస్తున్నారు, కానీ ఎదురుపడితే కాస్త పక్కకి తప్పుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు, ఆమె వల్లే జీతాలు పెంచలేదని ఆమె వినేలాగే అన్నారు.

ఒక ఆదివారం ఫైళ్ళక్క దర్జీ ఆమెని వెతుక్కుంటూ వెళ్ళింది. అన్న ఇంట్లో ఇప్పుడు లేదు. బట్టల అంగళ్ళ వెనక సందులో ఒక గది తీసుకుంది. మిషను, మంచం, కుట్టి గోడకి తగిలించిన యూనిఫారాలు. మిషను మీద వంగి ఉన్న మనిషి తలెత్తి చూసి, "రండి" అంది. మొహం పీక్కుపోయింది. కళ్ళకింద నల్లగా ఉంది.

"పాప బాగుందా?"

"వాళ్ళ నాన్న దగ్గరే ఉంచమన్నారు. మొదటి శనివారం, మూడో శనివారం కోర్టులో ఒక గదిలో రెండు గంటలు చూడనిస్తారు. బొమ్మలు పెట్టారు అక్కడ. ఒక పోలీసమ్మ కూర్చుంటుంది." పిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని గుడ్డ సరిచేసింది. "మొన్న పిల్ల నన్నడిగింది. 'అమ్మా, నీకు తగ్గిందా?' అని. ఏం చెప్పను? తగ్గిందంటే, అయితే ఇంటికొచ్చెయ్ అంటుంది."

ఫైళ్ళక్క మంచం అంచున కూర్చుంది.

"మందు వేసుకుంటున్నావా?"

"మానేశాను."

"ఎప్పుడు?"

"కోర్టు కాగితం వచ్చాక. మీ ఆస్పత్రికి రాలేనక్కా. ఆ మెట్లు చూస్తేనే వెనక్కి తిరిగిపోతాను."

"నిద్ర పడుతోందా?"

మిషను మళ్ళీ కదిలింది, ఆగింది.

"ఇంకో చోటికి పోదాం. ఊళ్ళో ఇంకో డాక్టరుంది, నేను కనుక్కున్నాను. నేను తోడొస్తాను. లోపలికి నువ్వొక్కదానివే వెళ్దువుగాని. నేను బయటే కూర్చుంటా."

"అక్కడ కూడా పేరడుగుతారుగా?"

"అడుగుతారు."

"రాసుకుంటారుగా?"

"రాసుకుంటారమ్మా" అంది ఫైళ్ళక్క. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పాలని ఆమెకి అనిపించకపోలేదు. చెప్పలేదు.

దర్జీ ఆమె దారం పళ్ళతో తెంపి, ఇంకో చొక్కా తీసుకుని, జేబు అతకడం మొదలుపెట్టింది. రానని అన్లేదు. వస్తానని కూడా అన్లేదు. పక్కన మంచం మీద ఇంకా కుట్టాల్సిన చొక్కాల కట్ట ఉంది. ఫైళ్ళక్క అందులోంచి ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని, అడక్కుండానే గుండీలు కుట్టసాగింది.